రేపల్లె గిటారుకు వేసిన రింగులు

చెవికి శ్రుతిని, వేళ్ళకు స్పర్శను, పాటకు ఊపిరిని ఇచ్చిన దేవునికి ముందుగా నా స్తోత్రం. తీగె మోగినా మూగబోయినా ఆయన స్తుతికి పాత్రుడే. ఈ మాట మొదట్లోనే రాసి పెట్టుకుంటున్నాను. ఇక మీద రాయబోయేదంతా విసుగెత్తించిన సంగతి. మధ్యలో కోపం వచ్చి స్తోత్రం మరచిపోతానేమోనని నా భయం.

తెనాలిలో మా ఇంటి ముందు గదిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. ఆ పని అయ్యాక గిటార్లు బాగు చేస్తాను. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. మా చర్చి సంఘంలో గిటారు వాయించేది నేనే కనుక, చెడితే విప్పేదీ నేనే అయ్యాను. అది తెలిసి చుండూరు నుంచీ నందివెలుగు నుంచీ కూడా సంఘాల వాళ్ళు గిటార్లు తెస్తుంటారు.

రేపల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. బాపట్లలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఆదివారం మాత్రం రేపల్లెలో వాళ్ళ సంఘంలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంది. గిటారు ఆమెది కాదు, సంఘానిది. దాని మోత లావుగా ఉండి, పాత కీర్తనలు నెమ్మదిగా పాడేటప్పుడు ముసలమ్మల గొంతులు వినపడటం లేదని అక్కడి సంఘ పెద్ద గొడవ. గిటారు తీసేసి, మీట నొక్కితే తాళం దానంతటదే మోగే కీబోర్డు పెడదామని ఆయన పట్టుదల. బాపట్లలో జరగబోయే సువార్త సభల్లో పాటలు వాళ్ళ సంఘానివే. అక్కడ ఈ అమ్మాయి వాయిస్తుందా, లేక కీబోర్డు మోగుతుందా అన్నది ఆలోగా తేలాలి.

"అంతమందిలో దేవుడి పాట వాయించాలని చిన్నప్పట్నుంచీ ఆశండి మాస్టారూ. దీన్ని సన్నగా మోగించలేరా?"

"మోగించొచ్చమ్మా. స్విచ్చి పెట్టాలి. దానికి గిటారు చెక్కకి చిల్లు పెట్టాలి."

"చిల్లా? బాబోయ్, సంఘం ఆస్తికి చిల్లు పెట్టానంటే గిటారుతో పాటు నన్నూ బయట పెడతారు."

చిల్లు లేకుండా చేసే ఉపాయం ఒకటుంది. తీగెల కింద శబ్దాన్ని పట్టే పికప్‌లో రెండు రాగి చుట్టలు పక్కపక్కన ఉంటాయి. దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రాన్ని రింగు అంటారు. మామూలు రింగు పికప్‌ను పట్టి ఉంచుతుంది, అంతే. స్విచ్చీలున్న రింగులు వేరే ఉన్నాయి. వాటి అంచులో బియ్యపు గింజంత మీటలు రెండుంటాయి. అవి జరిపితే రెండు చుట్టలూ కలిసి లావుగానో, ఒక్కటే సన్నగానో మోగుతుంది. పాత రింగు తీసి ఇది బిగిస్తే చాలు.

చాలు అని రాయడం తేలిక. తీగెలు వదులు చేసి మరలు తీయగానే, పికప్ ఎత్తును సరిచేసే స్ప్రింగు ఎగిరి మంచం కిందకు పోయింది. దాన్ని వెతికి తెచ్చుకునేసరికి, రింగు అడుగున ఉన్న సర్క్యూట్ ముక్క చెక్క అంచుకు తగిలి లోపలికి దిగనంది. ఆకురాయి తీసుకుని, చిల్లు పడకుండా, కనపడని చోట కొద్దికొద్దిగా అరగదీశాను. పికప్ నుంచి నాలుగు రంగుల తీగెలు, తొడుగు లేని ఒట్టి తీగె ఒకటి వచ్చాయి. రింగుతో వచ్చిన కాగితం చూసి రంగు ప్రకారం అతికించాను. రెండు పికప్‌లూ విడివిడిగా బాగానే మోగాయి. కలిపి మోగిస్తే మాత్రం జలుబు చేసినవాడి గొంతు. ఆ కాగితం రాసినవాడి రంగులు వేరు, ఈ పికప్ చేసినవాడి రంగులు వేరు. కరెంటు కొలిచే మల్టీమీటరు పెట్టి, పికప్ మీద స్క్రూడ్రైవరు ఆనించి ఎత్తినప్పుడల్లా ముల్లు ఎటు కొట్టుకుంటుందో చూసి, తారుమారైన తీగెలు విప్పి మళ్ళీ అతికించాను. అప్పుడు గొంతు కుదిరింది. ఆ అమ్మాయి వచ్చి వాయించి, సంతోషంగా రేపల్లె బండెక్కింది.

ఆదివారం మధ్యాహ్నం ఫోను. చేసింది సంఘ పెద్ద.

"ఏంటి మాస్టారూ, రింగులేశారా, మంత్రమేశారా? మొదటి పాట బాగానే ఉంది. ప్రార్థన అయ్యాక అందుకున్న హుషారు పాట, నిండుగా మోగాల్సింది, దోమ కూతలాగుంది."

గిటారు తెనాలికి తిరిగి వచ్చింది. నాకు అలవాటైన పద్ధతిలో ముందు మీటలన్నీ మొదటి స్థానానికి జరిపి, అప్పుడు పరీక్ష మొదలుపెట్టాను. దోషం లేదు. అతుకులు లాగి చూశాను, ఊడలేదు. అయినా అన్నీ మళ్ళీ అతికించి పంపాను. మరుసటి ఆదివారం అదే ఫోను, అదే దోమ. ఈసారి రింగే విప్పి, స్విచ్చీలు శుభ్రం చేసి, మళ్ళీ బిగించి, గంటల కొద్దీ వాయించాను. పాడు గిటారు, నా గదిలో ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలే! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పని ముందు ప్రార్థన చేశాను, తర్వాతా చేశాను. మధ్యలో నోట వచ్చిన మాటలకు క్షమాపణ కూడా అడిగాను.

"నువ్వేమైనా మీటలు జరిపావా అమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"ప్రార్థన తర్వాత నేను వాటిని ముట్టుకోలా మాస్టారూ. దేవుడి తోడు అనకూడదు గానీ, నిజంగా ముట్టుకోలా. పెద్దాయన ఏమన్నారో తెలుసా? గిటారు బాగుందని మాస్టారు చెబుతున్నారంటే, లోపం వాయించే మనిషిలో ఉన్నట్టేగా అన్నారు. అందరి ముందూ."

గిటారు బాగుందని నేను చెప్పిన మాటతోనే ఆమెను కొట్టారు. ఆ తరువాతి ఆదివారం నేనూ నా భార్యా రేపల్లె వెళ్ళాం.

ఆ గుడిలో మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చుంటారు. అమ్మాయి ఆడవాళ్ళ వైపు ముందు నిలబడింది. నాకూ ఆమెకూ మధ్య స్పీకరు పెట్టె అడ్డం. మొదటి పాట నిండుగా మోగింది. పాస్టరు అయ్యగారు ప్రార్థనకు పిలిచారు. అందరితో పాటు తల వంచి కళ్ళు మూసుకున్నాను. ఆమేన్ అంటూనే, ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వకుండా అయ్యగారు పాట ఎత్తుకున్నారు. గిటారు అందుకుంది. దోమ కూత. సంఘ పెద్ద మెడ తిప్పి నా వంక చూశాడు. నాకు ఆరాధన మీద మనసు నిలవలేదు. లోపల ఏ అతుకు ఊడి ఉంటుందా అని తీగెలన్నీ తలుచుకుంటూ కూర్చున్నాను.

ఆరాధన ముగిశాక నా భార్య వరండాలోకి లాగింది.

"ఏవండీ, ఆ పిల్ల ముట్టుకోలేదు. చున్నీ ముట్టుకుంది."

"చున్నీ ఏంటి?"

"ప్రార్థన అనగానే చున్నీ తల మీదకి లాక్కుందా, కొస గిటారు మీద పడింది. దాని అంచుకి లేసుంది. ఆమేన్ అనగానే కొసని భుజం మీదకి విసురుకుంది. లేసు ఆ బియ్యపు గింజంత మీటని పట్టుకుని లాగింది. నేను కళ్ళారా చూశా."

"నువ్వు ప్రార్థనలో కళ్ళు తెరిచావా?"

"తెరవబట్టే కనపడింది. మీరు మూసుకుని ఏం కనుక్కున్నారు?"

దోషం జరిగే క్షణంలో సంఘమంతా కళ్ళు మూసుకునే ఉంటుంది. వాయించే అమ్మాయి కూడా. అది నా దగ్గరకు రాగానే నేను మొదట చేసే పని మీటలు వెనక్కి జరపడం. అంటే ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ ప్రతిసారీ నా చేత్తోనే చెరిపేశాను. తెనాలిలో వాయించేటప్పుడు ఆ అమ్మాయికి తల మీద ముసుగు ఉండదు. ఇక అక్కడ చెడేదెలా?

సంఘ పెద్దను పిలిచి, చున్నీ లేసు మీటను ఎలా లాగుతుందో అమ్మాయి చేతే చూపించాను. అబద్ధం ఆడలేదని తేలినందుకు ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన మాత్రం తాపీగా లెక్క తేల్చాడు.

"అయితే ముసుగుతో ఇది కుదరదన్నమాట. ముసుగు తియ్యడానికి వీల్లేదు. కాబట్టి తియ్యాల్సింది గిటారునే."

"మీటకి టేపు అంటిస్తే?" అంది నా భార్య.

"అంటిస్తే పాటకీ పాటకీ మధ్య జరపడం కుదరదు, మళ్ళీ లావు మోతే," అన్నాను. రింగు తిప్పి బిగిద్దామంటే, అది ఏటవాలుగా ఉండే రకం, పికప్ వెనక్కి వాలిపోతుంది. మీట అరగదీస్తే విరుగుతుంది. నా దగ్గర ఇంకేమీ లేదు.

అమ్మాయి చున్నీ తీసి, తల చుట్టూ గట్టిగా చుట్టి, కొసలు మెడ వెనక ముడి వేసుకుంది. గిటారు తగిలించుకుని పాత కీర్తన ఒకటి సన్నగా వాయించింది. తల వంచి ప్రార్థనలో ఉన్నట్టు కాసేపు నిలబడి, మళ్ళీ వాయించింది. స్వరం మారలేదు. చాపలు చుడుతున్న ఆడవాళ్ళు ఆగి, చరణం అందుకున్నారు. వాళ్ళ గొంతులు చక్కగా వినపడ్డాయి.

"బానే ఉంది గానీ," అన్నాడు సంఘ పెద్ద, "అది ముసుగా, నాట్లకెళ్ళేవాళ్ళ తలగుడ్డా?"

"నాట్లకెళ్ళేవాళ్ళేగా అన్నయ్యగారూ మన సంఘం సగం," అన్నాను. "స్త్రీ తల కప్పుకుని ప్రార్థించాలని బైబిల్లో అపొస్తలుడు రాశాడంటే, సభలో ఆమె నోరు విప్పుతుందని ఒప్పుకునే రాశాడు. ఎలా ముడి వేసుకోవాలో మాత్రం రాయలేదు."

"వాక్యం నాకు నేర్పుతారా? సర్లెండి. కమిటీలో పెడతా."

అమ్మాయి ఆయన వెనకే రెండడుగులు వేసి, వరస పెట్టి పిలుస్తూ, "పెద్దనాన్నా, సభలకైనా..." అంది. ఆయన వెళ్ళిపోయాడు.

ఇది రాసేటప్పటికి కమిటీ కూర్చోలేదు. బాపట్లలో పందిరి పని మొదలైందట. నా పని నేను సరిగానే చేశాను, రింగులు బాగున్నాయి, గిటారు బాగుంది. అదే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. విప్పి సరిచేయడానికి నా చేతిలో ఇక మర ఏదీ మిగల్లేదు.

అందుకే చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. ఏ ఊళ్ళో ఉన్నా, ఏ పనిలో ఉన్నా, ఒక్క నిమిషం నాతో కలిసి మోకరించండి. ఆ అమ్మాయి ఆశను దేవుడు తోసివేయకుండా ఉండాలనీ, ఆ పెద్దాయన మనసు మెత్తబడాలనీ, ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాలో లేచే కోపం చల్లారాలనీ అడగండి. మొదటి రెండూ నేనూ అడుగుతున్నాను. మూడోది అడగడానికి నాకింకా నోరు రావడం లేదు. దాన్ని నా తరఫున మీరు అడగండి.