మూడు దగ్గు మందు సీసాలు

హుస్సేనీ ఆలంలో మా ఇంటి పక్క దవాఖానాలో కాంపౌండర్ చీటీ రాసేటప్పుడే రోగమేమిటో గట్టిగా అడుగుతాడు. బెంచీల మీద కూర్చునేవాళ్లంతా మా గల్లీవాళ్లే. నాకు విరేచనంలో రక్తం పడుతోంది. మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ దగ్గని చెప్పాను. డాక్టర్ రాసిచ్చిన మందు తెచ్చి, మూత తీయకుండా కిటికీలో పెట్టాను. కొన్నాళ్లకు భయం వేయడం కూడా మానేసింది.

నాలుగోసారి నా ముందున్న ముసలామె, "నాలుగు దినాలాయె బిడ్డా, దొడ్డికొస్తలేదు" అంది. ఎవరూ తల తిప్పలేదు. కాంపౌండర్ రాసుకుని నా వైపు చూశాడు.

"మళ్ల దగ్గేనా అన్నా?"

"కాదు. దొడ్డికి పోతే రక్తం పడుతున్నది."

బెంచీ మీదాయన ఫోన్ చూస్తూనే కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. ఇంతకాలం ఎవరి దగ్గర దాచానో నాకే తెలియలేదు.

లోపల డాక్టర్ నా పాత చీటీలు తిరగేశాడు.

"రక్తం ఎప్పటి సంది పడుతుంది?"

"మొదటి దగ్గు మందు రాసిన్రు గద సార్, దానికంటె ముందట్నుంచి."