చెవులు మొలిచిన గిన్నెలు

చేతికి టచ్ ఫోను కొత్తగా వచ్చి, లోకంలో నాకు తెలియనిదేదీ మిగల్లేదని నమ్మిన రోజులవి. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసి, విజయనగరం పక్కన మా మావ గిన్నెల షెడ్డులో ప్రెస్సు నడిపేవాణ్ణి. గుండ్రటి అల్యూమినియం బిళ్ళ పెట్టి మీట నొక్కితే గిన్నెయి బయటికొచ్చేది. ఆ మీట దగ్గర నిలబడితే నా కంటికి కలెక్టరు కూడా ఆనేవాడు కాదు. (ఆయన ఎప్పుడూ మా షెడ్డుకి రాలేదనుకోండి.) ఆ వైభవం ఒక వేసవిలో కూలబోయింది. కొత్త రేకుతో చేసిన ప్రతి గిన్నెకీ అంచు ఎగుడుదిగుడై నాలుగు చెవులు లేచాయి. వాటిని కత్తిరించి చదును చేసేసరికి గిన్నె కాస్తా పళ్ళెమయ్యేది. అచ్చు విప్పి బిగించాను, తిప్పి బిగించాను, చివరికి ప్రెస్సుకి నిమ్మకాయ కట్టాను. మాది చర్చి కుటుంబం. రోజూ ప్రెస్సు ముందు ప్రార్థన చేసే మావ దాన్ని చూడనే చూశాడు.

"ఇదేట్రా? పెబువు సాల్లేదా నీకు?"

"రెండు పక్కలా సెప్పుకుంటే బేగి పనవుతాదని మావా!"

"పార్దన పెస్సుకి సేసినాను, నీ వంకర సేతికి సేయలేదు. సోమారం నుంచి పాలిషు పనికి పో!"

పాలిషంటే ముక్కుకి గుడ్డ కట్టుకుని రోజంతా మసిలో కూర్చోవడం. నా లేత మీసం వణికింది. అప్పుడు ఆదుకున్నది మా పెద్దమ్మ కూతురు. లోహాల మీద పరిశోధన చేస్తున్న అక్క మావను బతిమాలి నా శిక్ష వాయిదా వేయించి, ఆ రేకు ముక్కొకటి కాలేజీకి పట్టుకెళ్ళింది. కొన్నాళ్ళకి లాప్‌టాప్‌తో తిరిగొచ్చింది. తెరమీద బిళ్ళను చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడి ఎంత సాగుతుందో లెక్కకట్టించి గిన్నె చేసి చూపింది. అంచు అద్దంలా ఉంది. చెవుల్లేవు!

"సూసినావా! కంపూటరు సేత్తే రాని సెవులు నువ్వు సేత్తే వత్తన్నాయి," అన్నాడు మావ. నా గుండె పాలిషు గదిలోకి జారింది.

"ఉండు మావా. ఇది రేకు అన్ని పక్కలా ఒక్కలాగే సాగుతాదనుకుని కట్టిన లెక్క," అంది అక్క. "నీ పొందూరు పంచె నిలువునా లాగితే సాగదు, ఏటవాలుగా లాగితే సాగుతాది గదా? రేకూ అంతే. లోపల కంటికి కనపడని గింజలున్నాయి. రోలర్ల కింద నలిగి, అవన్నీ ఇంచుమించు ఒక వరసలో తిరిగిపోయినాయి. ఆ వరస కొలిచి తెచ్చినాను. ఒక్కో గడిలో పెడతాను, సూడు."

పెట్టింది. తెరమీద గిన్నెకి మెల్లగా నాలుగు చెవులు మొలిచాయి. నా గిన్నెకున్నవే! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మావకి మాత్రం నమ్మకం కుదరలేదు. అక్క అదే రేకులోంచి ఇంకో బిళ్ళ తీసుకుని, దాని మీద రోలరు నడిచిన జాడ చూసి, చెవులు లేచే చోట్లు ముందే చెప్పి, అంచున మేకుతో నాలుగు గీతలు గీసింది.

"ఎలాగైనా తిప్పి పెట్టుకో మావా. మీట నువ్వే నొక్కు. ఈడి సెయ్యి తగలనీకు."

మావ కళ్ళు మూసుకుని ప్రార్థించి, బిళ్ళను అడ్డదిడ్డంగా తిప్పి పెట్టి నొక్కాడు. గీసిన చోటల్లా చెవి లేచింది. ఆయన వాటిని చాలాసేపు తడిమాడు.

"ఆ గింజలకి కూడా పార్దన సెయ్యాలేటమ్మా?"

"వద్దు మావా. రేకు మార్చు."

రేకు మారింది, ప్రెస్సు నాకే మిగిలింది. కంటికి కనిపించని గింజల్ని వరసగా నిలబెట్టి నా తరపున సాక్ష్యం చెప్పించిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. అక్క పరిశోధన పుస్తకంలో ఆ గిన్నె ఫోటో ఉంది. మూలన దాన్ని పట్టుకున్న నా బొటనవేలు కూడా పడింది. చదువు మానేస్తే వేలిముద్రగాడివైపోతావని మా నాన్న తిట్టేవాడు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఇప్పటికీ ఆ పేజీ తీసి చూపిస్తుంటాను, డాక్టరేటులో పడ్డ వేలు ఇదేనని.