వాలున్న గదిలో చెవుల పరీక్ష

గచ్చు పనిలో అతనికి పోటీ లేదు. అందరూ నీళ్ల మేస్త్రి అనేవారు. తాను చేసిన నేల మీద చెంబెడు నీళ్లు కుమ్మరిస్తే, అవి తాను చూపించిన మూలకే పోవాలి. పోకపోతే కూలి ముట్టడు. చదివింది ఐదో తరగతి. నలభై రెండేళ్లలో రెండు ఆసుపత్రులకూ, పదకొండు బడులకూ, లెక్కకు రానన్ని వంటిళ్లకూ గచ్చు చేశాడు. నీరు నిలిచిందని వెనక్కి పిలిచినవాడు ఒక్కడు లేడు. అలాంటివాడికి, మనిషి నిలబడటం గురించి పాతికేళ్లు పుస్తకాలు నమిలినవాళ్లు పాఠం చెప్పబోయారు!

అతని కూతురు ఎత్తైన గోడలకు రంగులు వేస్తుంది. చెవిలో చీము పట్టి తగ్గింది. "కళ్లు తిరగవని కాగితం తెస్తేనే పరంజా ఎక్కనిస్తా" అన్నాడు పని ఇచ్చే గుత్తేదారు. ఆ కాగితం ఇచ్చేది కాలేజీలో శరీర సమతూకం మీద పరిశోధన చేసే విభాగం. తండ్రి తోడు వెళ్లాడు.

గది నిండా తీగలూ తెరలూ. నడుమ ఒక ఇనుప పలక. దాని మీద కళ్లు మూసుకుని నిలబడితే, ఒంటి బరువు ఎటు పడుతోందో యంత్రం గీత గీసి చూపిస్తుంది. అమ్మాయి నిలబడింది. గీత ఎడమకు పోయింది.

ప్రొఫెసరు పెదవి విరిచాడు. "ఎడమ చెవి దెబ్బతిందమ్మా. ఇక పరంజా మాట మరిచిపో."

అమ్మాయి కళ్లు తెరిచింది. "నేనెటూ తూలట్లేదు సార్!"

"నీకు తెలీదులే. చెవి లోపల మూడు సన్నని గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం. తల ఎటు కదిలిందీ మెదడుకు చెప్పేది అదే. అరవైమూడు మందిని పరీక్షించాం. అందరూ ఎడమకే! ఈ ఊరి మనుషుల చెవుల్లోనే ఏదో ఉంది. దీని మీద పెద్ద వ్యాసం రాస్తున్నాం."

మేస్త్రి నవ్వు ఆపుకోలేదు. "అరవైమూడు కుండలు ఒకే పక్కకి ఒరిగితే, బుద్ధున్నవాడు కుండల్ని తిడతాడా, అరుగు చూసుకుంటాడా?"

"పెద్దాయనా, ఇది సైన్సు. తాపీ పని కాదు."

"తాపీ పనే. ఈ గదికి గచ్చు చేసింది నేనే. ముప్పై ఏళ్ల కిందట ఇక్కడ కుందేళ్ల బోన్లు కడిగేవాళ్లు. నీళ్లు పోవాలని ఆ మూలకి వాలు పెట్టాను."

చేతిలోని నీళ్లసీసా నేల మీద వంపాడు. "అయ్యో, తీగలు!" అని ప్రొఫెసరు గెంతాడు. నీరు తీగల జోలికి పోలేదు. పలక పక్కగా బుద్ధిగా నడిచి ఎడమ మూలనున్న రబ్బరు చాప కింద దూరింది. చాప ఎత్తితే తూము.

పలక కాళ్లకు ఎత్తు సరిచేసే మరలున్నాయి. వాటికి దుకాణంవాడు తొడిగిన ప్లాస్టిక్ టోపీలైనా ఎవరూ తీయలేదు! మేస్త్రి జేబులోంచి, వాలు పట్టిచ్చే రసమట్టం తీసి, పలక మీద పెట్టి, నాలుగు మరలూ తిప్పాడు. అమ్మాయి మళ్లీ ఎక్కింది. గీత నడిమధ్యన నిలిచింది.

"చిన్న సాంకేతిక పొరపాటు" అని గొణిగాడు ప్రొఫెసరు.

"చిన్నదా? ఇలా ఎంతమందిని పనికి పోవద్దని ఇంట్లో కూర్చోబెట్టారు?"

ప్రొఫెసరు పుస్తకం తిరగేశాడు. "పని కాగితం కోసం వచ్చినవాళ్లు తొమ్మిదిమంది."

"ముందు మా అమ్మాయి కాగితం రాయండి. తర్వాత ఆ తొమ్మిదిమందికీ ఫోన్లు చేయండి. అందాకా నేను కదలను" అన్నాడు మేస్త్రి. ప్రొఫెసరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఫోనులో మొదట పలికింది కరెంటు స్తంభాలు ఎక్కే మనిషి. "మీ చెవి బాగానే ఉందండీ," అన్నాడు ప్రొఫెసరు, "మా గది నేలలో లోపం..."

"నేలలో ఏ లోపమూ లేదు" అన్నాడు మేస్త్రి. "ఆ మాట మార్చి చెప్పండి."