మొక్కు తీరాక మానేసిన పరీక్ష

మా తమ్ముడిది సముద్రం మీద చేపల వేట. ఒకసారి అంతర్వేది తీర్థంలో వాడూ, వాడితో పడవెక్కే సావాసగాడూ ఒకే సూదితో పచ్చబొట్లు పొడిపించుకున్నారు. ఆ తర్వాత సావాసగాడు రక్తదానానికి వెళ్తే హెపటైటిస్ సి ఉందని తేలింది. పచ్చబొట్టుకి ముందు నుంచే వాడికి అది ఉందట. ఆ మాట వినగానే మా అమ్మ వీధరుగు మీద కూలబడిపోయింది. నేను తమ్ముణ్ణి నానా తిట్లూ తిట్టి అమలాపురం లాక్కెళ్ళాను. తీర్థం అయిపోయి అప్పటికి మూడు వారాలే.

రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చింది. డాక్టరుగారు మాత్రం తేలిగ్గా తీసుకోలేదు.

“మరీ తొందరగా వచ్చేరండీ. వైరస్ ఒంట్లో దూరినా దాని జాడ ఈ పరీక్షలో తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఆరు నెలలు. వైరస్‌నే వెతికే పరీక్ష ఇంకోటుంది, అది ముందే పట్టేస్తుంది గానీ ఇక్కడ చెయ్యరు. ఆరు నెలలు నిండాక మళ్ళీ రండి. అప్పుడూ లేదంటేనే లేనట్టు.”

“ఆయ్, అలాగేనండీ” అన్నాడు మావాడు.

అమ్మ అప్పటికే మొక్కేసుకుంది. లేదని తెలియగానే వాణ్ణి అంతర్వేది స్వామి దగ్గరికి తీసుకెళ్ళి తలనీలాలు ఇప్పించింది. గుండుతో వచ్చి పళ్ళికిలిస్తుంటే నాకూ నవ్వాగలేదు. ఇప్పుడు ఆ మొహం గుర్తొస్తే గుండె తరుక్కుపోతుంది.

ఆరు నెలలూ నిండాయి. బయల్దేరరా అంటే అమ్మ అడ్డుపడింది.

“మొక్కు తీర్చేసేక మళ్ళీ పరీక్షేంటే? స్వామిని అనుమానించినట్టు కాదూ! కళ్ళు పోతాయి!”

“స్వామి వద్దన్నాడా? డాక్టరుగారు రమ్మన్నారమ్మా!” అని అరిచాను.

ఇద్దరి మధ్యా వాడు నలిగిపోయాడు. “పోనీలేవే అక్కా, అమ్మ బాధపడతాది. దుక్కలా ఉన్నాను కదా” అన్నాడు. నిజంగా దుక్కలాగే ఉండేవాడు, నా తండ్రి.

ఓ పుష్కరం దాటింది. నిరుడు వాడి కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. కాకినాడ తీసుకెళ్తే కాలేయం పూర్తిగా పాడైపోయిందన్నారు. ఆ వైరస్సే లోపల్లోపల తినేసిందట, దానికి తాగుడు తోడైందట. “కొన్నేళ్ళ ముందు తెలిసుంటే మూడు నెలలు మాత్రలు మింగితే పోయేదమ్మా” అన్నారు అక్కడి డాక్టరుగారు. మరదలికీ పరీక్ష చేయించాం, అదృష్టం, లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి అమ్మని కడిగేద్దామనుకున్నాను. మంచం మీంచి వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఇది ఆ జబ్బేనని అమ్మకి చెప్పకే అక్కా. తట్టుకోలేదు.”

నెల తిరక్కుండానే వాడు పోయాడు. పెద్దకర్మ అయ్యి చుట్టాలందరూ వెళ్ళిపోయాక అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

“అప్పుడా మాయదారి జబ్బు రాకుండా కాపాడేడు కదే స్వామి. మరి దీన్నుంచి ఎందుకు కాపాడలేదే?”

“తెలీదమ్మా” అన్నాను.