బురుజు లోపలి కర్రలు

మందమర్రిలో బొగ్గుబావి కార్మికుల పిల్లలు చదివే బడిలో నేను పంతులమ్మగా చేరిన రెండో ఏడు అది. బడి ప్రదర్శనకు మా తరగతి కోట బురుజు కడుతుందని పెద్దసారు ముందు ఒప్పేసుకున్నాను. బొగ్గుబావి వడ్రంగి షెడ్డులో మిగిలిన చెక్కను అగ్గిపెట్టెలంత ముక్కలుగా కోసి, పిల్లలు ఆడుకోవడానికి బస్తాల్లో పంపేవారు. వాటిని మేం ఇటుకలనే వాళ్లం. మైదా జిగురుతో అతికిస్తే చాలనుకున్నాను. చెక్క ఇటుకలు గుండ్రంగా తిరగవు కాబట్టి మా బురుజు నాలుగు పలకలుగా లేచింది. నిండుగా పేర్చడానికి సరిపడా ఇటుకలు లేవు. అందుకే లోపలంతా బోలు.

నడుము ఎత్తు దాకా బాగానే వచ్చింది. నా భుజం దాటేసరికి ఒక గోడ ఉబ్బింది. మర్నాడు పొద్దున ప్రార్థన జరుగుతుండగా తరగతి గదిలో పెద్ద చప్పుడు. వెళ్లి చూస్తే నేలంతా ఇటుకలే. మళ్లీ కట్టాం. ఈసారి లోపల నాలుగు మూలలా వెదురు కర్రలు నిలబెట్టాను. అయినా గోడ ఉబ్బింది. ప్రదర్శనకు ఇక మూడు రోజులే ఉన్నాయి.

మా బాపు బావిలో టింబర్ పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆ పని. చొప్పదండి దగ్గర సేద్యం వదిలి వచ్చిన మనిషి, చదువు లేదు. నిజం చెప్పాలంటే ఆయన పని గురించి నేనెన్నడూ అడగలేదు. దుంగలు మోసే పనిలో అడగడానికేముంటుందని అనుకునేదాన్ని. ఆ సాయంత్రం నేనింకా ఇల్లు చేరలేదని ఆయనే బడికి వచ్చాడు. బురుజు చుట్టూ ఒకసారి తిరిగాడు.

“లోపట ఏం పెట్టినవ్ బిడ్డా?”

“నాలుగు కర్రలు నిలవెట్టిన బాపూ.”

“మంచిగనే పెట్టినవ్. గని గోడ కిందికి కుంగుతలేదు, బయిటికి పోతున్నది. దాన్ని పట్టుకునేటిదేది?”

బాపు వేలి కణుపుతో గోడను తట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. చెవి పెట్టమన్నాడు. నాకు అంతా ఒకేలా వినిపించింది.

“పరేషాన్ గాకు. జర నిమ్మలంగ విను.”

మళ్లీ తట్టాడు. రెండు వరసల కింద టక్కుమన్న గోడ ఇక్కడ డొల్లగా మోగింది.

“గీ ఇటుక గోడను ఇడిసిపెట్టింది. బావిల కప్పు గూడ గిట్లనే చెప్తది,” అన్నాడు.

ప్రతిరోజూ ఆ చీకట్లో ఈ చెవినే నమ్ముకుని ఇంటికి తిరిగి వస్తున్నాడన్నమాట.

బాపు చాక్‌పీసు తీసుకుని నేల మీద గీశాడు. ఆరు వరసలకొకసారి ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక చెక్క పట్టీ. దాని రెండు కొసలూ ఇటుకల మధ్య ఇరుక్కోవాలి. పై ఆరు వరసలకు పట్టీ ఇంకో దిక్కుకు తిరగాలి. మూలల్లో ఏటవాలుగా పొట్టి కర్రలు. వదులున్న చోట సన్నగా చెక్కిన ముక్క దూర్చి బిగించాలి.

“గట్టిగ కొట్టకు. గట్టిగ కొడితే గోడను మనమే తోసినట్టయితది.”

ఉన్నదంతా విప్పి, రెండు సాయంత్రాలు ఇద్దరం కలిసి మళ్లీ కట్టాం. ప్రదర్శన రోజున ఒక లావుపాటి ఆఫీసరు మాట్లాడుతూ మాట్లాడుతూ బురుజుకు భుజం ఆనించి నిలబడ్డాడు. నేను అటు పరుగెత్తబోయాను. బురుజు మాత్రం కదల్లేదు. అందరూ పైనున్న పిట్టగోడనూ, రంగునూ మెచ్చుకున్నారు. లోపలేముందని ఒక్కరూ అడగలేదు.

జనం వెళ్లాక నేను ఒక పక్క రెండు ఇటుకలు ఊడదీసి టార్చి వేసి చూశాను. పట్టీలు ఒకదాని మీదొకటి దిక్కులు మార్చుకుంటూ పైకి పోతున్నాయి. ఒక్కటీ ఊరికే లేదు. మా బడి కింద, మా ఇళ్ల కింద ఆయన ఇలాంటివి ఎన్ని నిలబెట్టాడో!

మర్నాడు విప్పడానికి బాపునే పిలిచాను. ఇటుకలు ఊడదీసిన సందులోంచి నేను కింది పట్టీ మీద చెయ్యి వేయగానే ఆపాడు.

“పైనుంచి తియ్యాలె. బావిల గూడ అంతే, నిలవెట్టుడు కన్న తీసుడే కష్టం. కర్ర ఇరిగే ముందు కిర్రుమని మాట్లాడతది బిడ్డా. అది మాట్లాడినంక మనం ఆడ ఉండొద్దు.”

“నువ్వు ఎన్నిసార్లు విన్నవ్ బాపూ?”

“శానసార్లు విన్న,” అని స్టూలు ఎక్కి, మొదటి ఇటుక తీసి నా చేతికిచ్చాడు.