బిర్గిట్ కాఫీ బల్ల

నిన్న మధ్యాహ్నం మా ఆవిడ వంటింట్లో ఏలకులు దంచుతోంది. ఆ వాసనకు ఎవరికైనా పాయసం గుర్తుకు రావాలి. నాకు మాత్రం షికాగో పక్కన మేముండే ఈ నేపర్‌విల్‌లోని ఒక పాత ఆఫీసు, అందులో పొడవాటి చెక్కబల్ల, దాని చివర నిలబడి అందరి కప్పుల్లోనూ కాఫీ పోస్తున్న బిర్గిట్ గుర్తుకు వస్తారు. సోఫాలో కూర్చున్న మనవరాలు శ్రేయ అప్పుడే ఫోన్‌లో ఏదో వీడియో పెట్టింది. వీడియో గేముల కంపెనీల చరిత్రలు చెప్పే కుర్రాడట. "ఈ స్వీడిష్ స్టూడియో ఎందుకు మూతపడిందంటే చాలా సింపుల్. వాళ్లు సరిగా టెస్టింగ్ చేయలేదు" అంటున్నాడు హుషారుగా.

"తాతయ్యా, ఇది నువ్వు వర్క్ చేసిన ప్లేస్ కదా? ఈజ్ ఇట్ ట్రూ?" అంది శ్రేయ.

నా చేతిలోని పేపరు నలిగిపోయింది. ఏళ్లు గడిచాయి, కోపం చల్లారి ఉంటుందనుకున్నాను. చల్లారలేదు.

ఆ స్టూడియోను స్వీడన్‌లోని ఒక చిన్న ఊళ్లో నలుగురు స్నేహితులు పెట్టారు. పిల్లల ఆటలే చేసేవారు. తుపాకులు ఉండకూడదని మొదటి రోజే అనుకున్నారట. నలుగురిలో ఒకరైన బిర్గిట్ ఇక్కడికి వచ్చి అమెరికా శాఖ తెరిచారు. 2001లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు టపటపా రాలిపోతున్నప్పుడు నాదీ పోయింది. యాభై దాటిన మనిషిని పిలిచి పని ఇచ్చింది ఆవిడ ఒక్కరే. ఆటను పసిపిల్లాడిలా ఆడి, ఎక్కడ చెడిపోతుందో కనిపెట్టడం నా పని. మా ఇంట్లో చాలాకాలం నవ్వుకున్నారు.

ఆ ఆఫీసులో మూడింటికి అందరూ పని ఆపి కాఫీకి బల్ల దగ్గరికి రావాలి. వాళ్ల భాషలో దాన్ని ఫీకా అంటారు. షికాగోలోని స్వీడిష్ బేకరీ నుంచి బిర్గిట్ ఏలకుల బన్నులు రైల్లో మోసుకొచ్చేవారు. ముఖ్యమైన నిర్ణయాలన్నీ అక్కడే. బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ అడుగుతారు, ప్రతివారూ నోరు తెరిచి సమాధానం చెప్పాలి. అందరూ అవునన్నదాకా ఏదీ తేలనట్టే.

నేను చేరిన కొత్తలో ఆవిడ నన్ను అడిగారు. "వెంకటేశ్వర్లూ, ఈ భాగం సిద్ధమేనా?" అమెరికాలో అందరికీ నేను వెంకీని. పూర్తి పేరు పట్టుపట్టి నేర్చుకున్నది ఆవిడే. నేను అలవాటుగా తల ఊపాను.

"అది అవునా, కాదా?"

మళ్లీ ఊపాను. పక్కనున్న కిరణ్ ఫక్కున నవ్వాడు. వరంగల్ కుర్రాడు, నాతోపాటు టెస్టర్. "అంకుల్, మీ తల టేబుల్ ఫ్యాన్ లెక్క తిరుగుతున్నది. పాపం, ఆమెకు ఎట్ల తెలుస్తది?" అన్నాడు తెలుగులో.

బిర్గిట్ నవ్వలేదు. "తల మీ దగ్గరే ఉంచుకోండి. నాకు నోటితో చెప్పండి. కాదనడానికి కూడా మీకు జీతం ఇస్తున్నాను."

"సిద్ధం కాదు, మేడమ్."

"మేడమ్ ఎవరు? నా పేరు బిర్గిట్" అంటూ బన్ను నా వైపు జరిపారు. అన్నేళ్ల ఉద్యోగంలో పైవాళ్లకు 'కాదు' అని చెప్పడం నాకు అదే మొదలు.

కొన్నేళ్లకు ఆ స్టూడియోను కాలిఫోర్నియాలోని ఒక పెద్ద కంపెనీ కొనుక్కుంది. అప్పుడు మేము చేస్తున్నది మంచులో ఊరు కట్టుకునే ఆట. పిల్లలు నెలల తరబడి ఇళ్లూ వంతెనలూ కట్టుకుంటారు. కిరణ్ అందులో పెద్ద లోపం పట్టాడు. ఆట సేవ్ అవుతుండగా మిషన్ ఆపితే ఊరంతా చెరిగిపోతుంది. సరిచేయడానికి సమయం కావాలన్నాం. క్రిస్మస్ అమ్మకాలు దాటిపోతాయని ఆ పెద్ద కంపెనీ వైస్ ప్రెసిడెంట్ విమానంలో దిగాడు. ఫీకాకు వచ్చాడు గానీ కూర్చోలేదు. "ఎనీ ఆబ్జెక్షన్స్?" అన్నాడు నిలబడే.

బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఒక్కొక్కరినీ అడుగుతాడని బిర్గిట్, ఆవిడతో వచ్చిన స్వీడన్ వాళ్లు ఎదురుచూస్తున్నారు. అతను చప్పట్లు కొట్టి, "గ్రేట్! సో వీ ఆల్ అగ్రీ" అన్నాడు.

"నో" అన్నాను నేను. "పిల్లల ఊళ్లు పోతాయి. ఇది సిద్ధం కాదు."

"నోటెడ్, మై ఫ్రెండ్" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు. బిర్గిట్ వెనకాలే పరుగెత్తారు. "మేమెవ్వరం అవునని చెప్పలేదు, మీరింకా అడగలేదు!" అంటూ. ఆ క్షణాన నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. తన బల్ల దగ్గరి మర్యాద లోకమంతా పాటిస్తుందని ఆవిడ ఎలా నమ్మారు? ఆ రోజు డైరీ రాస్తుంటే పెన్ను కాగితాన్ని చించేసింది.

ఆట బజారుకెళ్లింది. పండుగ సెలవుల్లోనే ఊళ్లు మాయమవడం మొదలైంది. తల్లులు ఫోన్లు చేసి తిట్టారు, వెనకాల పిల్లల ఏడుపులు వినిపించేవి. తర్వాత బిర్గిట్ బల్ల దగ్గర నిలబడి చెప్పారు. "లోపాన్ని కిరణ్ మనకు చెప్పనేలేదని నేను ప్రకటించాలట, కాలిఫోర్నియా వాళ్ల మాట. అలా చేస్తే నా ఉద్యోగం ఉంటుందట."

కిరణ్ ముఖం పాలిపోయింది. "అంకుల్, నాది హెచ్-వన్ వీసా. గీ పేరు పడితే ఇంకెవ్వరు తీస్కుంటరు?" అని గొణిగాడు.

బిర్గిట్ ఎప్పటిలాగే కాఫీ పోశారు. అలా చెప్పనా అని ఒక్కొక్కరినీ అడిగారు. అందరం 'నో' అన్నాం. చివరికి కిరణ్ వంతు. ఆవిడ కెటిల్ పట్టుకుని అలాగే నిలబడ్డారు. "నో" అన్నాడు ఎట్టకేలకు. అప్పుడు ఆవిడ అందరికీ వినపడేలా కాలిఫోర్నియాకు ఫోన్ చేశారు. "మేము కనిపెట్టాం. మీకు చెప్పాం. దీనికి భిన్నంగా నేను ఒక్క మాట కూడా చెప్పను."

ఆ వారమే ఆవిడను తీసేశారు. కొద్దికాలానికే స్టూడియో మూసేశారు. టెస్టింగ్ లోపమేనని పెద్ద కంపెనీ పత్రికలకు చెప్పింది, అదే చరిత్ర అయి కూర్చుంది. వెళ్లేముందు బిర్గిట్ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి కిరణ్‌కు చాండ్లర్ అనే ఊళ్లో ఉద్యోగం చూశారు. తనకు మాత్రం ఏదీ చూసుకోలేదు, స్వీడన్‌కు తిరిగి వెళ్లారు. ఆవిడ చనిపోయే ముందు ఒకసారి ఫోన్‌లో మాట్లాడాను.

"ఇంకా కోపంగా ఉందా?" అన్నారు.

"ఉంది."

"మంచిది. నోటితో చెప్పారు."

శ్రేయ ఇంకా నా వైపే చూస్తోంది. నా తల కదలబోయింది. ఆపాను.

"కాదు" అన్నాను. "టెస్టింగ్ చేశాం. చెప్పాం. వాళ్లు వినలేదు."

నా గొంతుకు వంటింట్లో రోలు చప్పుడు ఆగిపోయింది. శ్రేయ వీడియో ఆపింది. "కింద కామెంట్ పెట్టనా, తాతయ్యా?"

"పెట్టు. నా పేరుతోనే పెట్టు."

"వెంకీ?"

"కాదు. పూర్తి పేరు రాయి."