నీడన ఆరాల్సిన మినుములు

మా ఊరి గ్రామసేవక్ గారు పోయారు. కంకిపాడు వెళ్లొచ్చిన మా ఆయన చెప్పులు విప్పకుండానే ఆ మాట చెప్పారు. భవానీపురంలో వాళ్లింట్లోనే, నిద్రలో పోయారట. వరి కోతలూ నూర్పిళ్లూ అయ్యేసరికి నాకు ఏడవడానికి కూడా ఓపిక మిగల్లేదు. అరుగు మీద కూలబడ్డాను.

వ్యవసాయ శాఖ తరఫున ఆయన సైకిల్ మీద వచ్చేవారు. హ్యాండిల్‌కి తడిగుడ్డ చుట్టిన కుండ, అందులో నల్లపొడి పొట్లాలు. ఆ పొడిలో కంటికి కనపడని జీవులున్నాయనీ, బెల్లం నీళ్లతో మినుములకి పట్టిస్తే వేళ్లకి బుడిపెలు కట్టి మొక్కకి బలమిస్తాయనీ ఓపిగ్గా చెప్పేవారు. మసిపొడి అని మావాళ్లు నవ్వేవారు. ఆయనకి కోపం రాదు. వేళ్లు చూద్దామని ఎవరైనా మొక్క పీకబోతే మాత్రం ఊరుకునేవారు కాదు. "పీకకండి, తవ్వండి. పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి" అనేవారు.

నిరుడు ఊరు మొత్తం మీద మా ఆయన ఒక్కరే సరేనన్నారు. గ్రామసేవక్ గారు దగ్గరుండి విత్తనానికి పొడి పట్టించి, ఎండ తగిలితే ఆ జీవులు చచ్చిపోతాయనీ, నీడనే ఆరబెట్టమనీ నాకు రెండుసార్లు చెప్పి వెళ్లారు. తడిసిన విత్తనాన్ని ఎండలో వెయ్యకుండా మా ఇళ్లలో ఏ ఆడదీ ఊరుకోదు. బూజు పడుతుందని నా భయం. ఆయన వీధి మలుపు తిరగ్గానే చాప వాకిట్లోకి లాగాను. సాయంత్రం మర్చిపోయిన సంచీ కోసం ఆయన మళ్లీ వచ్చారు. చాప అప్పటికే లోపల పెట్టేశాను గానీ, చాప పరిచిన మేరా బెల్లానికి చేరిన చీమలు తిరుగుతున్నాయి. ఆయన సంచీ తీసుకుని వెళ్లిపోయారు.

నలభై రోజులకి ఊరంతా చూస్తుండగా గ్రామసేవక్ గారు మా చేలో మొక్క తవ్వారు. బుడిపెలు నాలుగో అయిదో. గోటితో చిదిపితే లోపల ఎర్రగా ఉండాలి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అందరికంటే ఎక్కువ మాటలన్నది మా ఆయనే.

"పొట్లం పాతదై ఉంటుందండీ. తప్పు నాదే" అన్నారు గ్రామసేవక్ గారు.

నేను గట్టు మీదే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ తర్వాత ఆయన్ని మా ఊళ్లో కూర్చోమన్నవాళ్లు కూడా లేరు.

ఈ ఏడు విత్తే ముందు, మా ఆయన ఇంట్లో లేనప్పుడు వచ్చి ఒక పొట్లం అరుగు మీద పెట్టారు. "ఈసారి వసారాలో ఆరబెట్టండమ్మా. చీమలు కూడా పట్టవు" అన్నారు.

తలెత్తి చూడలేకపోయాను. క్షమించమని అడగాల్సింది పోయి మజ్జిగ తాగి వెళ్లమన్నాను. తాగి వెళ్లారు. ఆ పొడి మా ఆయనకి తెలియకుండా కాలవ పక్క మడి విత్తనానికి పట్టించాను. నలభై రోజులకి ఆయనే వచ్చి తవ్వుతారు, అప్పుడు చెబుదాం అనుకున్నాను.

గ్రామసేవక్ గారు పోయారన్న మాట విన్న సాయంత్రమే మా ఆయనకి జరిగిందంతా చెప్పేశాను. తిట్టినా బాగుండేది. తెల్లారాక ఇద్దరం మడిలోకి వెళ్లాం. మా ఆయన వంగి మొక్క మీద చెయ్యి వేశారు.

"పీకకండి, తవ్వండి" అన్నాను.

వేళ్లు కాలవలో కడిగితే గుత్తులుగా బుడిపెలు. ఒకటి చిదిపితే మా ఆయన గోటికి ఎరుపంటింది. తర్వాత తలగుడ్డ విప్పి, తడిపి, మొక్కని అందులో చుట్టారు. ఊళ్లోవాళ్లకి జరిగింది నేనే చెప్పాలని గట్టు మీద ముందు నడిచాను. వెనకాల తడిగుడ్డలోంచి నీళ్లు కారుతున్నాయి.